ఆరిపోతుందన్నారు

సిరిపురంలో, మిఠాయి కొట్టు పైన మూడో అంతస్తు.
లిఫ్టు తలుపు తెరుచుకుంటే ముందు నేతి వాసన,
ఆ తర్వాతే మేము.
కాగితం మీద నా పదవి పేరు పొడుగ్గా ఉంటుంది గానీ
చేసే పని టోపీలు తుడవడం.
పదహారు తీగల టోపీ, స్పిరిట్టు, దూది,
నా వేళ్లు.

నూకరత్నాన్ని మొదటి నెలలోనే తీసుకొచ్చారు.
పెదజాలరిపేట మనిషి.
మొగుడు పడవెక్కి వెళ్లాడు. పడవ తిరిగొచ్చింది.
నూట పన్నెండు రాత్రులు కళ్లు తెరుచుకునే పడుకుందట.
పడుకోవడం కాదేమో అది,
ఒడ్డున ఆరేసిన వలలా పడి ఉండడం.

నలభై నిమిషాలు పట్టింది.
తెర మీద ఎర్రటి ముద్ద గులాబీ రంగైంది,
తెల్లబడింది,
లేదు.
లేచి కూర్చుని "నా చెప్పులేవి బావూ" అంది.
ఆకలేస్తోందంది.
కింద కొట్లో కాజా కొనుక్కుని
తింటూ తింటూ బస్సెక్కడం కిటికీలోంచి చూశాం.
రుక్మాంగదరావు డాక్టరు గారు చప్పట్లు కొట్టారు.
నేనూ కొట్టాను. అబద్ధమెందుకు.

తీసేసింది ఎక్కడికి పోతుందండీ అని
ఒక్కసారే అడిగాను.
"ఎక్కడికీ పోదు. ఆరిపోతుంది."
దీపం ఆరితే పొగైనా ఉంటుంది కదా అని
నోటిదాకా వచ్చింది.
జీతాల రోజు అది.

వానలు మొదలయ్యాక కోరాడ సన్యాసిరావు వచ్చాడు.
షిప్‌యార్డులో వెల్డరు. చుట్ట మానాలట.
అదే కుర్చీ, అదే టోపీ.
చుట్ట మానేశాడు.
పదో రోజు నుంచి తెల్లారగట్ల మూడింటికి లేచి
సింధియా నుంచి స్కూటరు మీద జాలరిపేట ఒడ్డుకొచ్చి
నీళ్లవైపు "పోలయ్యా" అని పిలుస్తున్నాడు.
ఓడలకి అతుకులేసిన మనిషే గానీ
ఏనాడూ నీళ్ల మీద పడవెక్కి ఎరగడు.
పోలయ్య ఎడమ చెవి కింద గాలం గీసిన మచ్చ
ఎన్ని అంగుళాలో మాత్రం చెబుతాడు.

ఆ తర్వాత
పరీక్షంటే వణుకని వచ్చిన ద్వారకానగర్ కోచింగు పిల్ల హిమజ.
కోపం తగ్గాలని వచ్చిన ఆర్టీసీ కండక్టరు.
గురక, నత్తి, బల్లులంటే భయం.
పదకొండు మంది.
ఒక్క పోలయ్యకి పదకొండు మంది కొత్త విధవలు,
అందులో ఏడుగురు మగవాళ్లు.

కంపెనీ వాళ్లు అప్‌డేట్ పంపించారు.
స్క్రీను రంగు మారింది.

ఒక ఆదివారం నేనూ వెళ్లాను, చీకటుండగానే.
డాల్ఫిన్ నోస్ మీది దీపం తిరిగినప్పుడల్లా
ఇసకలో వాళ్ల వీపులు కనిపించి పోతున్నాయి.
నెత్తళ్ల గంప నెత్తినెట్టుకుని నూకరత్నం వచ్చింది.
ఆగింది.
"ఎవులు పోనారు బావూ?
ఇంతమందిని ఏడిపించినోడు ఎవులు?"
సన్యాసిరావు పేరు చెప్పాడు.
ఆమె కాసేపు ఆలోచించింది.
"మా పేటలోనే ఎక్కడో ఇన్నట్టుంది" అంది.
గంప దించి అతని పక్కన కూలబడి
వీపు మీద చెయ్యేసి నిమిరింది.
"ఏడు నాయినా. కడుపులో ఎట్టుకోకు."
అతను ఆమె భుజం మీద
ఆమె ఏడుపే ఏడ్చాడు.
వెలుగొచ్చాక కండక్టరుకి అరకిలో నెత్తళ్లు తూచి
పది రూపాయలు తగ్గించి ఇచ్చింది.
పాపం, ఇంట్లో చావు కదా అని.

నేనా కుర్చీలో ఒక్కసారి కూడా కూర్చోలేదు.
చేతొడుగులు మాత్రం మొదటి నెలకే అయిపోయాయి,
మళ్లీ తెప్పించలేదు.
నిన్న మధ్యాహ్నం మా ఆవిడ కోనాం పులుసు చేసింది.
తింటూ ఉన్నాను.
నా చెయ్యి తలకాయ ముక్క తీసి
చిన్న గిన్నెలో వేసి మూత పెట్టింది.
"ఎవరికది?" అంది మా ఆవిడ.

మా ఇంట్లో తలకాయ తినేవాళ్లు లేరు.